పారీ జీపీ వాడి చూశా: చదరంగం గళ్ళ నంబర్‌ని చివరి అంకె దాకా చెప్పిన కాలిక్యులేటర్

నేను తెనాలిలో ఇంట్లోనే తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్తాను. మూడు నెలల నుంచి పారీ జీపీ అనే ప్రోగ్రామ్ వాడుతున్నా, ఫోన్లోనూ పాత ల్యాప్‌టాప్‌లోనూ. పైసా ఖర్చు లేదు, యాడ్స్ లేవు, అకౌంట్ తెరవమని అడగదు. దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో అని వెతికా, నాకు కనపడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. లెక్కలు చెప్పేవాళ్ళూ, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలూ ఉంటే ఓపిగ్గా చదవండి.

ముందు ఇది నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే రివ్యూ అంతా ఒక్క నంబర్ చుట్టూనే తిరుగుతుంది. గుణశ్రేఢి చెప్పేటప్పుడు చదరంగం బల్ల కథ చెప్పడం నాకు అలవాటు. రాజుగారు ఏం కావాలో కోరుకోమంటే, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడి గడికీ రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపి ఇమ్మన్నాడు కదా, ఆ కథ. మొత్తం గింజలు 2^64 - 1. బోర్డు మీద 18446744073709551615 అని రాశా. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభైనాలుగు వేల కోట్ల కోట్లు, ఆ పైన ఇంకా ఉంది.

ఒక పిల్లాడు వాళ్ళ అన్నయ్య ఫోన్ తెచ్చాడు ఆ రోజు. అందులో నంబర్ల గుణాలు చెప్పే యాప్ ఉంది, డబ్బులు కట్టి వేసుకున్నదే. ఏ నంబర్ ఇచ్చినా సరి సంఖ్యో బేసి సంఖ్యో, ప్రైమో కాదో, భాజకాలు ఎన్నో అన్నీ చెప్తుందట. వాడు 2^64 - 1 కొట్టాడు. అది 18446744073709552000 అని చూపించి, కింద సరి సంఖ్య అని రాసింది, 1000తో నిశ్శేషంగా భాగించొచ్చు అని కూడా రాసింది. "సార్, బోర్డు మీద మీరు రాసింది తప్పు సార్" అన్నాడు.

వాడి తప్పేం లేదు, డబ్బులిచ్చి కొన్న యాప్ మాట నమ్మడంలో వింతేముంది. కానీ నాకు మనసు చివుక్కుమంది. ఎందుకంటే అది సరి సంఖ్య కానే కాదని చెప్పడానికి ఏ మిషనూ అక్కర్లేదు. రెండో గడి నుంచి 64వ గడి దాకా అన్నిట్లోనూ ఉన్నవి సరి సంఖ్యలే, మొదటి గడిలో ఒక్కటే గింజ. సరి సంఖ్యలన్నీ కలిపి దానికి ఒకటి కలిపితే బేసి కాక ఏమవుతుంది? అది చెప్తే పిల్లలు ఒప్పుకున్నారు గానీ, మరి అసలు నంబర్ ఏదో చూపించమని పట్టుబట్టారు.

ఇక అక్కడి నుంచి నేను ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ ఈ నంబర్‌తో పరీక్ష పెట్టా. కిరాణా కొట్లో కాటా సరిగా ఉందో లేదో చూడాలంటే తెలిసిన రాయి పెట్టి చూస్తాం కదా, నాకు ఈ నంబర్ అలాంటి రాయి. ఫోన్‌లో ముందే వచ్చే కాలిక్యులేటర్ 1.8446744 పక్కన E 19 అంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ 1.844674407 ఇంటూ పది టు ద పవర్ 19 అంది, పది అంకెలే దాని శక్తి. స్ప్రెడ్‌షీట్‌లో గడి వెడల్పు చేసి నంబర్ ఫార్మాట్ పెట్టి చూస్తే 18446744073709600000 వచ్చింది, 15 అంకెల దాకా నిలబెట్టుకుని మిగతావి సున్నాలు పెట్టేసింది. పైన చెప్పిన యాప్ ఇంకో రెండు మూడు అంకెలు లాగి తర్వాత వదిలేసింది. కారణం తెలుసుకుంటే కోపం కొంచెం తగ్గుతుంది: ఆ యాప్, స్ప్రెడ్‌షీట్ లాంటివి నంబర్‌ని దశాంశ సంఖ్యలాగా 53 బిట్లలో దాచుకుంటాయి, 2^53 అంటే 9007199254740992 దాటాక పక్కపక్క పూర్ణసంఖ్యల్ని విడదీసి చూడలేవు. ఇంజనీరింగ్ లెక్కకి అది చాలు. కానీ ఒక పూర్ణసంఖ్య గుణాలు అడిగినప్పుడు అది చాలదు, ఎందుకంటే సరా బేసా అనేది తేలేది ఆ పోయిన చివరి అంకెలోనే.

మా తాతయ్యకి ఈ నంబర్ నోటికి వచ్చేది. చదరంగం గళ్ళ లెక్క మీద పాత తెలుగు పద్యం ఒకటుంది, చంపకమాల, "శర శశి షట్క చంద్ర" అని మొదలవుతుంది. మాటలే అంకెలు అన్నమాట, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి చదువుకుంటూ పోవాలి. శర అంటే మన్మథుడి బాణాలు, ఐదు. అంటే పద్యంలో మొదటి మాటే చివరి అంకె 5 అని చెప్పేస్తోంది. కాలిక్యులేటర్లు అన్నీ ముందు వదిలేసిన అంకెని ఆ పద్యం ముందు పట్టుకుంది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలా.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్లో చెప్పాడు, "మావయ్యా, పారీ జీపీ అని ఉంది, అది చూడు" అని. ఫ్రాన్స్‌లో బోర్డో యూనివర్సిటీలో ఆన్రీ కోయెన్ అనే గణితశాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ 1980ల్లో మొదలుపెట్టిన పని ఇది, ఇప్పటికీ అక్కడే కొనసాగుతోంది. సంఖ్యాశాస్త్రం మీద పరిశోధన చేసేవాళ్ళ కోసం చేసింది, కానీ కూడికలు తెలిసినవాళ్ళు కూడా వాడొచ్చు. పారీ అంటే లోపల లెక్క చేసే లైబ్రరీ, జీపీ అంటే మనం టైప్ చేసే కాలిక్యులేటర్ భాగం. గుణశ్రేఢిని జీపీ అంటాం కాబట్టి మా పిల్లలు దానికోసమే చేశారనుకున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు. ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఫోన్లో అయితే వాళ్ళ సైట్లోనే బ్రౌజర్‌లో నడిచే వెర్షన్ ఉంది, పేజీ తెరుచుకున్నాక లెక్కంతా మన ఫోనే చేస్తుంది.

2^64-1 అని కొట్టి ఎంటర్ నొక్కా. 18446744073709551615. ఇరవై అంకెలూ వచ్చాయి. పక్కన E లేదు, సున్నాలు లేవు. అంతే, నాకు అది చాలు అనిపించింది ఆ నిమిషానికి. పరీక్షకని 2^200 కొట్టా, 61 అంకెలూ పరిచేసింది. 1/3 + 1/6 కొడితే 1/2 అంటుంది, 0.5 అనదు, 10/4 అంటే 5/2 అంటుంది. పూర్ణసంఖ్య ఇస్తే పూర్ణసంఖ్యలాగే, భిన్నం ఇస్తే భిన్నంలాగే చూస్తుంది, మనం చెప్పకుండా తనంతట తాను దశాంశంలోకి మార్చదు. లెక్కల టీచర్‌కి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, నేనిక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా. ఫ్యాక్టర్(2^64-1) కొట్టి ఎంటర్ మీద నుంచి వేలు తీసేలోపు జవాబు వచ్చేసింది, రెండు నిలువు వరుసలుగా. ఎడమ వరుసలో ప్రైమ్‌లు, కుడి వరుసలో ఒక్కోటి ఎన్నిసార్లు వస్తుందో ఆ ఘాతం. ఎడమ వరుస ఇదీ: 3, 5, 17, 257, 641, 65537, 6700417. కుడి వరుసంతా ఒకట్లే. అంటే ఏడు ప్రైమ్‌లు, ఏదీ రెండోసారి రాదు.

పిల్లల ముందు ఇది చూపించాక వాళ్ళ చేత కాగితం మీద సరిచూపించా, ఊరికే నమ్మొద్దని. అంకెలన్నీ కూడితే 87, అది 3తో పోతుంది, 9తో పోదు, అంటే 3 ఒక్కసారే రావాలి, సరిపోయింది. సమ్‌డిజిట్స్ అని కొడితే జీపీ కూడా 87 అంది. 11 సంగతేంటి అని ఒకమ్మాయి అడిగింది. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి కలిపి ఒకటి తీసేసుకుంటూ పోతే 37 వచ్చింది, 11తో భాగిస్తే శేషం 4. జీపీలో ఆ నంబర్ పక్కన శాతం గుర్తు పెట్టి 11 కొడితే శేషం చెప్తుంది, 4 అనే అంది. ఆ అమ్మాయి మొహం చూడాలి అప్పుడు. భాజకాలు ఎన్ని అంటే లెక్క తేలికే, ఏడు ప్రైమ్‌లు ఉన్నాయి, ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలెయ్యడమో, రెండుని ఏడుసార్లు గుణిస్తే 128. నమ్‌డివ్ కమాండ్ కూడా 128 అంటుంది. డివైజర్స్ అని కొడితే ఆ 128 భాజకాల్నీ ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా రాసిపెడుతుంది. ఆ భాజకాలన్నీ కూడితే అసలు నంబర్‌కి 1.7 రెట్లు వస్తుంది, రెండు రెట్లు దాటదు, అంటే తనని తాను వదిలేస్తే మిగతా భాజకాలన్నీ కలిసినా దీన్ని అందుకోలేవు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటికి వచ్చా. ఆ ప్రైమ్‌ల్ని చూస్తుంటే ఒక్కొక్కటీ బల్ల మీద ఎక్కడి నుంచి వచ్చిందో కనపడుతుంది, చూడండి. చదరంగం బల్లలో ఒక్క అడ్డవరుసకి ఎనిమిది గళ్ళు. మొదటి వరుస ఒక్కటే నింపితే 255 గింజలు, అది 3 × 5 × 17. రెండు వరుసలు నింపితే 65535, అది 255 × 257. నాలుగు వరుసలు నింపితే 4294967295, అది 65535 × 65537. ఎనిమిది వరుసలూ నింపితే మన పెద్ద నంబర్, అది 4294967295 × 4294967297. వరుసల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఉన్న గింజల సంఖ్యకి రెండు కలిపి, ఆ వచ్చినదాంతో గుణించాలి అంతే. ఎందుకంటే a^2 - 1 అంటే (a - 1)(a + 1), ఎనిమిదో తరగతి సూత్రం. నేను జీపీలో 2^8-1, 2^16-1, 2^32-1, 2^64-1 నాలుగిటికీ వరసగా ఫ్యాక్టర్ కొట్టి చూపించా, ప్రతి జవాబులోనూ ముందు జవాబు మొత్తం ఉండి దానికి కొత్తది చేరుతోంది. సూత్రాన్ని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా రాని వెలుగు ఆ నాలుగు జవాబుల్లో వచ్చింది.

కొత్తగా చేరుతున్న ఈ 3, 5, 17, 257, 65537 ఫెర్మా చెప్పిన వరుస. 17వ శతాబ్దం మనిషి, ఫ్రెంచాయన, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రైమ్‌లే అనుకున్నాడు. ఆ తర్వాతది 4294967297, మన బల్లలో చివరి నాలుగు వరుసలు తెచ్చిన నంబర్. అదీ ప్రైమే అని ఆయన నమ్మకం. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టాడు. అందుకే మన ఫ్యాక్టర్ల వరుసలో 257కీ 65537కీ మధ్య 641 వచ్చి కూర్చుంది. ఆ వరుసలో ఈ రోజు దాకా తెలిసిన ప్రైమ్‌లు ఆ మొదటి ఐదే, ఆరోది ఎవరికీ దొరకలేదు. ఇంకో సంగతి, స్కేలూ కంపాసుతో గీయగల క్రమ బహుభుజుల్లో, భుజాల సంఖ్య బేసిగా ఉన్నవాటిలో, మనకి తెలిసిన అతి పెద్దదానికి 4294967295 భుజాలు, సరిగ్గా మన సగం బల్ల గింజలు. 17 భుజాలది గీయొచ్చని గౌస్ 1796లో తేల్చాడు.

జీపీ మీద నాకున్న ఒక అసంతృప్తి కూడా ఇక్కడే మొదలవుతుంది. 641 అని చెప్తుంది, 641 ఎందుకో చెప్పదు. అది కాలిక్యులేటర్ పని కాదు, నిజమే, కానీ జవాబు అంత తేలిగ్గా వచ్చేస్తే పిల్లలు కారణం అడగడం మానేస్తారేమో అని నా భయం. అందుకే ఆ రోజు ఫోన్ పక్కన పెట్టించి బోర్డు మీద చేశా. 641 రెండు రకాలుగా రాయొచ్చు: 640 + 1, ఇంకా 625 + 16. 640ని 641తో భాగిస్తే ఒకటి తక్కువ, అంటే శేషం -1 అనుకోవచ్చు. 640ని నాలుగుసార్లు గుణిస్తే శేషం 1 అవుతుంది. 640 అంటే 5 × 2^7 కాబట్టి దాని నాలుగో ఘాతం 625 × 2^28. ఇక్కడ 625 అంటే 641కి 16 తక్కువ, శేషాల లెక్కలో -16, అంటే -2^4. దాన్ని 2^28తో గుణిస్తే -2^32. అంటే -2^32కి శేషం 1 వచ్చింది, అయితే 2^32 + 1కి శేషం సున్నా, 641తో పోతుంది. అయిపోయింది. తొమ్మిదో తరగతి వాళ్ళకి పదిహేను నిమిషాలు పట్టింది, అర్థమైంది. ఇది మీరు క్లాసులో ముందు చెప్పి తర్వాత జీపీ తెరవండి, నా సలహా.

మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో కూడా ఫ్యాక్టర్ బటన్ ఉంటుంది కొన్ని మోడల్స్‌లో, అది పనికిమాలినదని నేననను. పది అంకెల దాకా తీసుకుంటుంది కాబట్టి 4294967297 ఇవ్వొచ్చు, 641 పట్టుకుంటుంది, మిగిలిన 6700417ని మాత్రం ఇక నావల్ల కాదన్నట్టు బ్రాకెట్లో పెట్టి వదిలేస్తుంది. అది ప్రైమో కాదో తెలియదు మనకి. జీపీలో ఈజ్‌ప్రైమ్(6700417) అంటే 1 అంటుంది, అంటే అవును అని. కాదంటే 0. ఈజ్‌ప్రైమ్ చెప్పిందంటే అది నిరూపణతో చెప్పినట్టే, అదృష్టం మీద ఆధారపడే జవాబు కాదు. ఈజ్‌సూడోప్రైమ్ అని ఇంకోటి ఉంది, దాన్ని వాడితే చాలా పెద్ద నంబర్లకి కూడా త్వరగా చెప్తుంది గానీ అది పరీక్ష మాత్రమే. అయినా ఆ పరీక్ష 2^64 లోపల ఒక్క నంబర్ దగ్గర కూడా తప్పదని పూర్తిగా లెక్క చూసి తేల్చారు. అంటే మన బల్ల మీద గింజల సంఖ్య దాకా ఏది అడిగినా ఆ పరీక్ష జవాబు ఖాయం. ఈ హద్దు చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, నేను రాయిలా వాడుతున్న నంబరే అక్కడ సరిహద్దుగా నిలబడి ఉంది.

ఇంకొంచెం పెద్దవి ఇచ్చి చూశా. 2^67 - 1 ఇస్తే 193707721 × 761838257287 అని వెంటనే వచ్చింది. ఇది ప్రైమ్ కాదని 1876లో ల్యూకా తేల్చాడు గానీ కారణాంకాలు తెలియలేదు, 1903లో అమెరికాలో ఫ్రాంక్ కోల్ కనిపెట్టి అక్కడి గణిత సంఘం సమావేశంలో చూపించాడు. 2^64 + 1 అంటే మన నంబర్‌కి రెండు కలిపితే వచ్చేది, అది ఫెర్మా వరుసలో తర్వాతది, 274177 × 67280421310721. 1880లో లాండ్రీ అనే ఆయన చేతిలెక్కతో తేల్చాడు, అప్పటికి ఆయన వయసు 82. ఆ వయసులో ఆ గుణకారాలు ఎన్ని చేసుంటాడో అని తలుచుకుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నా ఫోన్లో కన్ను మూసి తెరిచేలోపు వచ్చింది. 2^128 + 1 కూడా ఫోన్లో పెద్దగా ఆలస్యం లేకుండా విడిపోయింది, అది 1970 దాకా, కంప్యూటర్లు వచ్చాక గానీ విడిపోలేదు. 2^256 + 1 దగ్గర కాస్త ఆగాలి. 2^512 + 1 జోలికి మాత్రం వెళ్ళకండి, 2424833 అనే చిన్న కారణాంకం దొరుకుతుంది గానీ మిగిలిన 148 అంకెల దాన్ని 1990లో వందల కంప్యూటర్లు కలిసి విడగొట్టాయి, మన ఫోను వేడెక్కడం తప్ప ఏం జరగదు.

సరే, ఇబ్బందులు. ఫోన్ కీబోర్డులో ఘాతం గుర్తు ఎక్కడో మూడో పేజీలో ఉంటుంది, ప్రతిసారీ వెతుక్కోవాలి, పిల్లలు విసుక్కుంటారు. నంబర్‌లో కామాలు పెడితే ఒప్పుకోదు, మన పద్ధతిలో 1,84,46 అంటూ కొడితే ఎర్రర్ ఇస్తుంది, కామాలు తీసేసి ఇవ్వాలి, జవాబుల్లో కూడా కామాలు ఉండవు, ఇరవై అంకెల్ని ఒక్క గుక్కలో చదవడం కష్టం. క్యాపిటల్ అక్షరం కొడితే అదే కమాండ్ గుర్తుపట్టదు, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరం తనే క్యాపిటల్ చేసేస్తుంది, మొదటి వారం రోజులు నాకు వచ్చిన ఎర్రర్లలో సగం అవే. నంబర్‌లో చుక్క పెడితే, అంటే 2 బదులు 2.0 అని కొడితే, అది దశాంశాల లెక్కలోకి వెళ్ళిపోతుంది, అప్పుడు 2.0^200 ఇస్తే ఇది కూడా 38 అంకెలు చూపించి పక్కన E 60 అంటుంది. అది తప్పు కాదు, మనం అడిగిందే అది. కానీ పిల్లలకి ముందే చెప్పి పెట్టాలి.

బ్రౌజర్‌లో వాడితే ట్యాబ్ మూశామా, చేసిందంతా పోతుంది. ఒకసారి గంట సేపు పట్టిక చేయించి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి పేజీ మళ్ళీ మొదటి నుంచి లోడ్ అయింది, అంతా పోయింది. అప్పటి నుంచి ముఖ్యమైనవి ల్యాప్‌టాప్‌లోనే చేస్తున్నా. ల్యాప్‌టాప్‌లో కూడా మొదటి పది లక్షల ప్రైమ్‌లు ఒకేసారి అడిగితే స్టాక్ చాలలేదని ఆగిపోయింది, అలొకేట్‌మెమ్ అనే కమాండ్‌తో జాగా పెంచితే నడిచింది. సాయం కావాలంటే ప్రశ్నార్థకం పెట్టి కమాండ్ పేరు కొడితే చాలు, రెండు మూడు లైన్లలో చెప్తుంది, కానీ ఆ ఇంగ్లిష్ పరిశోధకుల కోసం రాసింది, పల్లెటూరి బడి పిల్లలకి అందదు. తెలుగులో ఒక నాలుగు పేజీలు ఎవరైనా రాస్తే ఎంత బాగుంటుందో. నేను నా పిల్లల కోసం పన్నెండు కమాండ్లు ఒక అట్ట మీద రాసి గోడకి అంటించా, ప్రస్తుతానికి దాంతో నడుస్తోంది.

చూడ్డానికి అందంగా ఉండదు, అది కూడా చెప్పాలి. తెల్ల పేజీ, టైప్ చేసే గీత, అంతే. రంగులు లేవు, బొమ్మలు లేవు. మా ఇంట్లో వాళ్ళు చూసి ఇదేంటి పాతకాలం దానిలా ఉంది అన్నారు. డబ్బులు కట్టించుకున్న ఆ యాప్‌కి బోలెడు రంగులున్నాయి. నాకు మాత్రం చివరి అంకె 5 కావాలి, ఇది 5 ఇస్తుంది. ఐదు నక్షత్రాల్లో నాలుగున్నర ఇస్తా, ఆ సగం తగ్గించింది ఫోన్ కీబోర్డు అవస్థకీ తెలుగు సాయం లేనందుకూ.

పోయిన ఆదివారం సంగతి చెప్పి ఆపుతా. డిజిట్స్ అనే కమాండ్ నంబర్‌ని అంకెలుగా విడదీసి పెడుతుంది, వెక్‌రెవ్ అనేది (దీనికి మొదటి అక్షరం క్యాపిటల్ ఉండాలి) దాన్ని తిరగేస్తుంది. రెండూ కలిపి కొడితే తెర మీద ఇలా వచ్చింది: 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. ఒక పిల్లాణ్ణి అంకెలు చదవమని, నేను తాతయ్య పద్యంలో మాటలు ఒక్కొక్కటే చెప్పా. శర ఐదు, శశి ఒకటి, షట్క ఆరు, చంద్ర ఒకటి, మళ్ళీ శర, సాయక, రెండూ బాణాలే, ఐదు, ఐదు. రంధ్ర అంటే నవరంధ్రాలు, తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్నా. నగ ఏడు, అగ్ని మూడు, భూధర ఏడు, గగన సున్నా, అబ్ధి నాలుగు, వేద నాలుగు, గిరి ఏడు, తర్క ఆరు, పయోనిధి నాలుగు, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు నాలుగు, కుంజర అష్టదిగ్గజాలు ఎనిమిది, చివరికి తుహినాంశు, చంద్రుడు, ఒకటి. ఇరవైకి ఇరవై కలిశాయి. తాటాకు మీద గంటంతో రాసుకున్న కాలం లెక్క, ఒక్క అంకె కూడా అటూ ఇటూ పోలేదు.

అదే ఊపులో ఆ గింజలు బియ్యమైతే ఎన్ని టన్నులు అవుతాయి అని లెక్క వేశారు. వెయ్యి గింజలు 15 గ్రాములు అని పెట్టుకుంటే 27 వేల కోట్ల టన్నులు దాటాయి. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పండే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు, అంటే 500 ఏళ్ళ పైన పంట మొత్తం ఆ ఒక్క బల్ల మీదే పొయ్యాలి.

11 గురించి అడిగిన అమ్మాయి ఉంది చూశారా, ఆ అమ్మాయి ఇప్పుడు రెండు బల్లలు పక్కపక్కన పెడితే వచ్చే 128 గళ్ళకి కొత్త పద్యం కడతానని కూర్చుంది. జీపీ 39 అంకెలు ఇచ్చింది: 340282366920938463463374607431768211455. ఎన్ని బల్లలు పెట్టినా మొదటి మాట శర అనే రావాలని తనే కనిపెట్టింది, మొదటి నాలుగు గళ్ళ 15 ఆ నంబర్లో కారణాంకంగా ఎప్పటికీ ఉంటుంది, పైగా బేసి, ఇంక చివర 5 తప్ప ఇంకోటి రాదు అని. ఈసారి రెండోది కూడా ఐదే, కాబట్టి సాయక. తర్వాత వేద, శశి, చంద్ర దాకా రాసింది. గణాలు కుదరట్లేదట, నిన్న సాయంత్రం కాగితం పట్టుకుని బళ్ళో తెలుగు మాస్టారింటికి వెళ్ళింది.